పురుగు తొలిచిన సున్నా

పత్రికల గది తాళాలు నా దగ్గరుంటాయి,
ఇరవై ఆరేళ్లుగా.
ఈ కిటికీలోంచి రియోని నది కనిపించదు గానీ
కొండల్లో మంచు కరిగే రోజుల్లో
గోడల్లోంచి దాని గొంతు వినిపిస్తుంది.

అలాంటి రోజుల్లోనే వచ్చిందా పిల్ల, ఇయా,
తడిసిన బూట్లతో, చంకలో ఒక వ్యాసంతో.
"పాత రేవులో బల్లకట్టు మునిగి
నలభైమంది పోయారన్నది అందరికీ తెలిసిందే"
అని రాసిందట.
పక్కన మేష్టారి ఎర్రసిరా:
"ఆ అందరి చిరునామా?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
ఏడుపు ముక్కు మీదే ఉంది పాపం.

నది మూలం అడగకూడదనే పెద్దమనుషులు
ప్రతి ఊళ్లోనూ ఉంటారు.
వాళ్లకు గ్రంథాలయంలో మాత్రం ఉద్యోగం దొరకదు.
కూర్చోమన్నాను.

బడి పుస్తకంలో
నలభైమందీ, తుఫానూ,
మునిగేదాకా పాడుతూనే ఉన్న పెళ్లికూతురూ.
పుట అడుగున చీమల్లాంటి అక్షరాలు
మమ్మల్ని పట్టణ చరిత్రకు పంపాయి,
అది ఒక రిటైరైన ఉపాధ్యాయుడి జ్ఞాపకాలకు పంపింది
(ఆ బల్లకట్టు మునిగేనాటికి ఆయన పుట్టనేలేదు).
వెనక్కి నడిచేకొద్దీ
ముందు పాట ఆగిపోయింది,
తర్వాత పెళ్లికూతురు దిగి వెళ్లిపోయింది,
ఆపైన తుఫానూ వెలిసింది.
నలభై మాత్రం కదల్లేదు.

చివరికి పత్రిక. ఫిల్ము చుట్ట తిప్పి
అద్దం వెలుతురులో చూపించాను: 40.
"రాసుకో, పద" అన్నాను.
ఐదు కావస్తోంది, టీ చల్లారుతోంది.
ఆ పిల్ల కదల్లేదు.
"ఇది బొమ్మ కదా, కాగితం ఏదీ?"

నిజం ఒప్పుకుంటాను.
ఆ పెట్టెను ఇరవై ఆరేళ్లలో
నేనొక్కసారి కూడా తెరవలేదు.

బూజు, తుమ్ములు, తాడు ముడి.
పసుపుపచ్చబడ్డ పుటను
పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి
దీపానికి అడ్డం పట్టింది.
నాలుగు అంకె పక్కన
సన్నటి గుండ్రటి వెలుగు ఆమె బుగ్గ మీద పడింది.
సున్నా కాదది.
పురుగు తొలిచిన కన్నం.

అలా, ఎన్నడూ బల్లకట్టు ఎక్కని ముప్పై ఆరుగురు
ఆ సాయంత్రం ఒడ్డుకు చేరారు.

నాకు సంబరంగా ఉంది. ఆ పిల్ల మాత్రం
చప్పుడు లేకుండా మర్నాటి సంచిక తిప్పుతోంది.
నలభైమందికి పేర్లుండవు.
నలుగురికి ఉన్నాయి:
బల్లకట్టు లాగే పార్మెన్,
జున్ను అమ్ముకునే దెస్పినే,
ఆమె మరిది బిచికో, పద్నాలుగేళ్లవాడు.
నాలుగో మనిషి మూటలు మోసేవాడు, పేరు తెలియదు,
ఎడమచేతికి నాలుగే వేళ్లు.

అధోజ్ఞాపిక రాయడానికి అరగంట పట్టింది.
పత్రిక పేరు, సంచిక, పుట, మూడో వరస,
"అసలు ప్రతి చూశాను. ఫిల్ములో అంకె తప్పుగా కనిపిస్తుంది."
జ్ఞాపకాల పుస్తకాన్ని కొట్టెయ్యబోతే ఆపాను.
తప్పిన దారి కూడా రాయాలమ్మా,
రేపు ఇంకొకరు అటే వెళ్తారు.

మూటలవాడికి ఏదో ఒక పేరు పెడదామా అన్నాను, ఊరికే,
మనసాగక.
కలం ఎత్తి నా వంక చూసింది
ఎర్రసిరా చూసినట్టు.
"పేరు దొరకలేదు" అని రాసింది. అంతే.

నిన్న వంతెన మీద ఒకాయన
చుట్టాలకు నదిని చూపిస్తున్నాడు:
నలభైమందట, పెళ్లికూతురట, పాటట.
టోపీ తీసి అడిగాను,
"ఎవరు చెప్పారండీ?"
"అందరికీ తెలిసిందే" అన్నాడు చిరాగ్గా.

జేబులో తాళాలు తడుముకుని
"పదింటికి తెరుస్తాం" అన్నాను.